ఏ రాయి ఎవరిదో చెప్పు

అమ్మాయీ,

నీ మెక్సికో యాత్రా వ్యాసం చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. నాకు ఒళ్లు మండింది మూడో పేజీలో. "మాయమైపోయిన మాయన్లు కట్టిన తెవోతివాకాన్" అని రాశావు. ప్రాస బాగుంది గానీ అందులో రెండు తప్పులున్నాయి. మెక్సికో సిటీ దగ్గరున్న ఆ పిరమిడ్ల పాత ఊరు తెవోతివాకాన్ మాయన్లదీ కాదు, అజ్‌టెక్‌లదీ కాదు. అజ్‌టెక్‌లు వచ్చేసరికే అది వందల ఏళ్లుగా పాడుబడి ఉంది, పేరు మాత్రం వాళ్లు పెట్టిందే. ఇక మాయన్లు ఎక్కడికీ పోలేదు. యుకతాన్‌లో, చియాపాస్‌లో, గ్వాటెమాలాలో లక్షల మంది ఇవాళ్టికీ మాయా భాషలే మాట్లాడుకుంటున్నారు. ఈ "అంతుచిక్కని రహస్యం" పిచ్చి మన పత్రికలు అంటించిందే. తేదీలు కొట్టేసి ఆ ముక్క తగిలించే సంపాదకులు నాకూ తగిలారు.

పాత ఊరి గురించి రాసేటప్పుడు ముందు ఏది దేనిమీద ఉందో తేల్చుకో, వర్ణన తర్వాత. మెక్సికో సిటీ అందుకు తగిన ఊరు. 1325 ప్రాంతంలో సరస్సు మధ్య దీవి మీద అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ వెలిసింది. 1521లో స్పెయిన్ వాళ్లు దాన్ని పడగొట్టి, ఆ రాళ్లతోనే పైన తమ ఊరు కట్టుకున్నారు. నువ్వేమో ఆ ఊరి నడిబొడ్డునున్న సోకలోను "అందమైన కూడలి" అని వదిలేశావు. అక్కణ్నుంచి పీనో సువారెస్ వీధిలో దక్షిణంగా కాసేపు నడిస్తే సిటీ మ్యూజియం వస్తుంది. ఆ భవనం మూలన, నేల దగ్గర పొదిగిన రాయి చూడు. నోరు తెరిచిన పాము తల, అజ్‌టెక్ శిల్పం, స్పానిష్ ప్రభువు ఇంటికి మూలరాయి అయింది. ఇంకొంచెం ముందుకెళితే మెట్రో స్టేషన్. 1, 2 లైన్ల మధ్య మారే దారిలో గాలిదేవుడు ఎహెకాత్ల్ గుడి ఉంది. 1967లో మెట్రో తవ్వకాల్లో బయటపడితే అక్కడే ఉంచేశారు.

సోకలో పక్కనున్న అజ్‌టెక్‌ల పెద్ద గుడి తెంప్లో మయోర్‌లో "మెట్లు గజిబిజిగా ఉన్నాయి" అన్నావు. అజ్‌టెక్‌లు పాత గుడిని పడగొట్టకుండా దానిమీదే కొత్త తొడుగు కట్టేవాళ్లు, అలా ఏడు దశలు. అందుకే ఒకదాని వెనక ఒకటి మెట్ల వరసలు కనిపిస్తాయి. ఒక్కో వరస ఒక్కో కాలానిది. 1978లో కరెంటు కంపెనీ పనివాళ్లు తవ్వుతుంటే కాళ్లూ చేతులూ తెగిన కొయోల్‌షావ్‌కి దేవత బొమ్మ చెక్కిన రాయి అక్కడ దొరికింది. అడ్డంగా మూడు మీటర్ల పైమాటే. పురావస్తు శాస్త్రవేత్త ఎదువార్దో మాతోస్ మొక్తెసూమా ఆధ్వర్యంలో పెద్ద తవ్వకాలు మొదలయింది దాంతోనే.

పక్కనున్న కేథడ్రల్ "కాలం బరువుకు" ఒరిగిందట! ఒరిగింది నీళ్లు తోడటం వల్ల. కింద ఉన్నది సరస్సు బంకమట్టి, భూగర్భజలం లాగేకొద్దీ అణుగుతుంది. పాత గుళ్ల బరువుకు ముందే గట్టిపడిన చోట తక్కువగా, లేనిచోట ఎక్కువగా దిగడంతో కట్టడం ఓరగా అయింది. 1990లలో ఎత్తుగా మిగిలిన వైపు అడుగునుంచి మట్టి తీసి కొంత సరిచేశారు. లోపల పైనుంచి పెద్ద గుండు వేలాడుతుంటుంది, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే. ఒరుగు ఎటు జరిగిందో దాని కింద గుర్తులున్నాయి. నువ్వు దాని పక్కనే నిలబడి ఫోటో దిగావు, వ్యాసంలో మాత్రం దాని ఊసే లేదు.

మాయన్ల పాత ఊరు చిచెన్ ఇట్సాలో ఎల్ కాస్తీయో పిరమిడ్ లెక్క సరిపోయింది: నాలుగు వైపులా 91 చొప్పున 364 మెట్లు, పై అరుగుతో 365. మరి "పైకెక్కి చూస్తే" అని ఎలా రాశావు? ఎక్కనివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. ఎవరి పాత వ్యాసంలోంచి వచ్చిందో నీకే తెలియాలి. దాని బదులు చదివేవాళ్లకు పనికొచ్చే ముక్క చెప్పు. అమెరికా నుంచి వెళ్లే మనవాళ్లలో చాలామంది కాంకున్‌లో దిగి, దాదాపు 200 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్తారు. కాంకున్ గడియారం చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం కన్నా గంట ముందుంటుంది. తెల్లారకముందే బయల్దేరితే ఆ గంట కలిసొచ్చి, టూర్ బస్సుల కంటే ముందే లోపలికి వెళ్లొచ్చు.

ముఖచిత్రం, అచ్చు ఖర్చుల సంగతి అడిగావు. అవి తర్వాత చూద్దాం. మూడో పేజీ, కేథడ్రల్ పేరా తిరగరాసి పంపు. సోమవారం తెంప్లో మయోర్ మూసేస్తారని కూడా చేర్చు.