అరుదైన ఇంగ్లీషు పదాలు ఎన్ని నేర్చినా చదివింది ఎందుకు అర్థం కావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అరుదైన ఇంగ్లీషు పదాల జాబితాలు చాలానే బట్టీ పట్టారు. అయినా ఒక సంపాదకీయం చదవబోతే మధ్యలో ఆగిపోతున్నారు. ‘ది ప్లాన్ గాట్ ఓన్లీ క్వాలిఫైడ్ సపోర్ట్’ అన్న వాక్యం అసలు కొరుకుడు పడలేదని రాశారు. ఇంకా ఎలాంటి కఠిన పదాలు నేర్చుకోవాలి, రోజుకు ఎన్ని అని అడిగారు.

ఆ వాక్యం మళ్లీ ఒకసారి చూడండి. అందులో కఠిన పదం ఒక్కటీ లేదు. ‘క్వాలిఫైడ్’ అనగానే మనకు అర్హత గుర్తొస్తుంది. అర్హత ఉన్నవాళ్లంతా మద్దతిచ్చారు కాబోలు అనుకుంటే భావం తలకిందులైపోతుంది. అక్కడ ఆ మాటకు అర్థం షరతులతో కూడిన, పరిమితమైన అని. మద్దతు దొరికింది గానీ, అయితే గియితేలతో దొరికింది. మిమ్మల్ని ఆపింది మీకు తెలియని పదం కాదండి, తెలుసని మీరు దాటేసిన పదం. మీ తిప్పలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. ఇన్నేళ్లలో నేను నిఘంటువులో ఎక్కువసార్లు వెతికింది చిన్న మాటల్నే. ‘ఇష్యూ’, ‘అడ్రస్’, ‘కన్సర్న్’, ‘టర్మ్’, ‘కేస్’ లాంటివి. బారెడు పొడుగున్న లాటిన్ మాట ఎదురైతే ఒకసారి చూస్తాను, అర్థం దొరుకుతుంది, పని అయిపోతుంది. ‘కన్సర్న్’ అలా లొంగదు. ఒకచోట ఆందోళన, ఒకచోట సంబంధం, ఒకచోట శ్రద్ధ, మరోచోట వ్యాపార సంస్థ. ప్రతిసారీ పక్కనున్న మాటల్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

అరుదైన పదాలకు సాధారణంగా ఒకటే పని ఉంటుంది. ‘ఏగ్లెట్’ అంటే బూటు లేసు కొసన ఉండే తొడుగు, అంతే. ‘అలిజ్’ అంటే పీపాలోనో సీసాలోనో ద్రవం నిండగా పైన మిగిలిన ఖాళీ. ‘డిఫెనెస్ట్రేషన్’ అంటే కిటికీలోంచి బయటికి విసిరేయడం. 1618లో ప్రాగ్ కోటలో చక్రవర్తి ప్రతినిధులను కిటికీలోంచి తోసేసిన ఘటనకు ఈ పేరు స్థిరపడింది, ముప్ఫై ఏళ్ల యుద్ధం దాంతోనే రాజుకుంది. ఇంత కథ ఉన్న మాట కాబట్టి ఒకసారి చదివితే మరిచిపోరు. దానికి బట్టీ అక్కర్లేదు.

ఇప్పుడు ‘రన్’ తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొత్త కూర్పులో ఈ ఒక్క క్రియకే 600 పైచిలుకు అర్థాలిచ్చారు. 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 దాకా ఉండేవి. ‘రన్’ అంటే పరుగెత్తడం అని మనం చిన్నప్పుడే నేర్చుకుని పక్కన పెట్టేశాం. కానీ కంపెనీని ‘రన్’ చేస్తే నడపడం. ముక్కు ‘రన్’ అయితే కారడం. ఎన్నికల్లో ‘రన్’ చేస్తే నిలబడడం. ఉతికిన గుడ్డలో రంగు ‘రన్’ అయితే దిగడం. నాటకం మూడు నెలలు ‘రన్’ అయితే ఆడడం. ఒక లక్షణం కుటుంబంలో ‘రన్’ అవుతుంటే వంశపారంపర్యంగా రావడం. నడపడం, కారడం, నిలబడడం, దిగడం, ఆడడం, రావడం: ఆరుచోట్ల తెలుగులో ఆరు క్రియలు కావలసొచ్చాయి. జాబితాలో ‘రన్: పరుగెత్తు’ అని రాసుకున్నవాళ్లకు ఇందులో ఒక్కటీ అందదు.

ఇది ఇంగ్లీషుకే ఉన్న జబ్బు అనుకోకండి. మన ‘పట్టు’ చూడండి. చెమట పట్టింది, తుప్పు పట్టింది, దారి పట్టాడు, పంతం పట్టాడు, నిద్ర పట్టలేదు, చొక్కా పట్టడం లేదు, అతనికి ఎవరూ పట్టరు. వీటిని మనం నిఘంటువు చూసి నేర్చుకోలేదు. చెమటతో, తుప్పుతో, నిద్రతో జతగా విని నేర్చుకున్నాం. ఇంగ్లీషు చిన్న పదాల్ని కూడా అలా జతలుగా పట్టుకోవడమే దారి.

నిఘంటువుల చరిత్ర చదివినప్పుడు నాకు చాలా ఆసక్తిగా అనిపించిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన మొదటి నిఘంటువు రాబర్ట్ కౌడ్రీ 1604లో వేసింది. అందులో 2,500 దాకా మాటలుంటాయి, అన్నీ కఠినమైనవే. మామూలు మాటలకు అర్థం చెప్పాల్సిన పని ఏముంది, అందరికీ తెలిసినవే కదా అన్నది ఆనాటి ఆలోచన. రోజువారీ మాటలకు కూడా చోటిచ్చిన నిఘంటువు రావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది, 1702లో. ఇక 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన పెద్ద నిఘంటువులో 42,773 పదాలున్నాయి. అందులో ‘టేక్’ ఒక్కదానికే 134 అర్థాలిచ్చి, ఐదు పుటలు కేటాయించాడు. అదే పుస్తకంలో ‘నెట్‌వర్క్’ లాంటి సులువైన మాటకు ఆయనిచ్చిన నిర్వచనం అసలు మాటకన్నా పదింతలు కష్టం: సమాన దూరాల్లో గళ్లుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ, మధ్యలో ఖాళీలు ఉండేదని లాటిన్ మాటలతో చెప్పాడు. సులువైన మాటకు అర్థం చెప్పడమే అన్నిటికన్నా కష్టమని అంత పండితుడి పుస్తకమే చూపిస్తుంది.

మీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన మాటలు కొన్ని చెబుతాను. ఇవి తమలో తామే ఎదురు తిరిగే రకం. ‘శాంక్షన్’ అంటే అనుమతించడం, ఆంక్ష విధించడం కూడా. ‘ఓవర్‌సైట్’ అంటే పర్యవేక్షణ, పొరపాటున గమనించకపోవడం కూడా. ‘క్వైట్ గుడ్’ అని బ్రిటిష్ మనిషి అంటే ఫరవాలేదని చాలాసార్లు అర్థం, అమెరికన్ అంటే చాలా బాగుందని. ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే మాత్రం ఎవరన్నా పూర్తిగా అసాధ్యమనే. సమావేశంలో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ మాట మీదే రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారనీ, నిజానికి ఇద్దరూ కోరింది ఒకటేననీ చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లకే ఇలా జరిగితే, మనం ఆగి ఆలోచించడంలో చిన్నతనమేమీ లేదు.

పాత పుస్తకాలు చదువుతుంటే ఇంకో తలనొప్పి ఉంటుంది. మాటలు కాలంతో పాటు కదిలిపోతాయి. ‘నైస్’ ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థంలో వచ్చింది, దాని లాటిన్ మూలానికి ఏమీ తెలియని అని అర్థం. ‘సిల్లీ’ మొదట దీవెన పొందిన, సంతోషంగా ఉన్న అనే మాట. ‘మీట్’ అంటే ఏ తిండైనా కావచ్చు, అందుకే ‘స్వీట్‌మీట్’లో మాంసం ఉండదు. ‘విత్’కు పాత అర్థం ఎదురుగా, వ్యతిరేకంగా అని, ‘విత్‌స్టాండ్’లో అది ఇంకా బతికే ఉంది. ఇప్పటి పత్రికలు చదవడానికి ఇవేవీ అవసరం లేదు. నాకిష్టం కాబట్టి చెప్పాను.

పద్ధతి విషయానికి వస్తే, భాష నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకోండి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి 1942లో టోక్యోలో వేసిన పుస్తకంతో ఈ దారి బలపడింది, తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ నిఘంటువు అయింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు అర్థాలన్నిటినీ సుమారు 2,000 మాటల్లోనే చెప్పింది. 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు ముందుకేసి అర్థాన్ని పూర్తి వాక్యంగా ఇచ్చింది. ఆ వాక్యంలోనే మాట ఎవరితో కలుస్తుందో కనిపిస్తుంది. నేను ఎప్పుడూ ముందు ఉదాహరణ వాక్యాలు చదివి, అర్థం దగ్గరికి తర్వాత వెళ్తాను. చాలాసార్లు అర్థం నాకే తట్టేస్తుంది. అలా తట్టింది మనసులో నిలుస్తుంది.

‘ఒక మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలి’ అని భాషాశాస్త్రవేత్త ఫర్త్ 1957లో రాశాడు. ‘కాజ్’ అనే క్రియనే చూడండి. నిఘంటువులో ‘కలిగించు’ అని ఉంటుంది, తప్పేమీ కాదు. కానీ ఇంగ్లీషులో దాని వెంట ఎక్కువగా నడిచేవి నష్టం, నొప్పి, ఆలస్యం, గొడవ. ‘కమిట్’ కూడా అంతే: నేరం, తప్పు, పాపం. సంతోషాన్ని ‘కాజ్’ చేశాడని రాస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, చదివేవాడికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది. ఒక ఇంగ్లీషు మాట, పక్కన గీత, ఒక తెలుగు మాట. ఈ తరహా నోటుపుస్తకంలో ఆ రుచి పట్టదు. మాటకు బదులు జతను రాసుకోండి. ‘క్వాలిఫైడ్ డాక్టర్’ ఒక వరస, ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ ఇంకో వరస, అవి రెండు వేరువేరు మాటలన్నట్టే.

ఎన్ని మాటలు కావాలన్న దానికి ఒక లెక్క ఉంది. బాగా వాడుకలో ఉన్న మొదటి 2,000 పద కుటుంబాలు, అంటే ఒక మూలం, దాని రూపాలు కలిపి లెక్కపెట్టినవి, మామూలు రాతలో సుమారు 80 శాతాన్ని ఆక్రమిస్తాయి. 98 శాతం తెలియాలంటే 8,000 నుంచి 9,000 దాకా కావాలని పదజాల పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో చూపించాడు. మీరు బట్టీ పట్టిన జాబితాల్లోని ‘ఏగ్లెట్’ తరహా మాటలు చాలావరకు ఈ 9,000కు కూడా అవతలివి. పోటీ పరీక్ష ఏదైనా రాస్తుంటే ఆ జాబితా తప్పదు, అది వేరే సంగతి.

అరుదైన పదాల్ని వదిలేయమని మాత్రం నేననను. నాకవంటే ప్రాణం. తొలకరి వాన పడగానే నేల నుంచి వచ్చే వాసనకు 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. గ్రీకులో రాయి అనే మాటకు, దేవతల నరాల్లో పారే ద్రవానికి ఉన్న పేరు కలిపారు. అనుకోకుండా మంచి ఎదురవడమనే ‘సెరెండిపిటీ’ని ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ 1754లో ఒక ఉత్తరంలో సృష్టించాడు, శ్రీలంకకు పాత పేరైన సెరెండిప్ నుంచి. మనం రోజూ వాడే ఎల్లుండికి ఇంగ్లీషులో ‘ఓవర్‌మారో’ అనే మాట ఒకప్పుడు ఉండేది, వాడుకలోంచి జారిపోయింది. ఇప్పుడు రేపటి తర్వాతి రోజు అని వాళ్లు నాలుగు మాటలు ఖర్చు పెడుతున్నారు. ఇలాంటివి కథతో సహా చదవండి, ఇష్టంగా చదవండి, లెక్క పెట్టకండి.

రెండు హెచ్చరికలు. మూలాలు విడగొట్టి అర్థం ఊహించడం మంచి అలవాటే, కానీ గుడ్డిగా నమ్మకండి. ‘ఇన్’ ముందుంటే కాదని అర్థం కదా అని ‘ఇన్‌ఫ్లామబుల్’ను మండనిదనుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. అది తేలిగ్గా మండేదే. ‘ఫ్లామబుల్’ అన్నా అదే అర్థం. రెండోది, దొరికిన ప్రతి జాబితానూ నమ్మకండి. 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో ‘డార్డ్’ అనే మాట సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. ‘డి ఆర్ డి’, అంటే పెద్ద ‘డి’ లేదా చిన్న ‘డి’, సాంద్రతకు సంక్షిప్తం అని రాసిన చీటీని ఎవరో ఒకే మాటగా చదివేశారు. సంపాదకులు దాన్ని పట్టుకునేసరికి 1939 వచ్చింది. అంత పెద్ద పుస్తకంలోనే లేని మాట పుట్టిందంటే, ఊరూ పేరూ లేని జాబితాల్లో చూసిన మాటను నిజంగా ఎవరైనా వాడారో లేదో రెండు మంచి నిఘంటువుల్లో చూసుకోవడం అవసరం.

రోజుకు ఎన్ని అన్నారు కదా, ఒకటి చాలు. ‘టేక్’తో మొదలుపెట్టండి. లర్నర్స్ నిఘంటువులో దాని కింద ఉన్న ఉదాహరణలన్నీ చదివి, మీకు కొత్తగా తోచిన జతలు మాత్రం రాసుకోండి. అది ఒక్కరోజులో అవదు, కాకపోయినా నష్టం లేదు. ఆ తర్వాత ‘గెట్’, ‘పుట్’, ‘ఇష్యూ’, ‘అడ్రస్’, ‘కేస్’, ‘టర్మ్’. ఇవి అయ్యాక మీరు ఆగిపోయిన ఆ సంపాదకీయం మళ్లీ తీసి చదవండి. ఇంకా ఏదైనా వాక్యం కొరుకుడు పడకపోతే ఇక్కడే రాయండి, కలిసి విప్పుదాం.