నొప్పుల్లో జ్వరం వస్తే: లేబర్ రూమ్‌కి కొత్తగా వెళ్లిన అమ్మాయికి

అమ్మలూ,

రాత్రి నీ మెసేజ్ చూశాను. లేబర్ రూమ్‌లో డ్యూటీ పడిన రెండో రోజే, నొప్పులు పడుతున్న ఒకామెకి జ్వరం వచ్చిందనీ, డాక్టరుగారికి వెంటనే చెప్పాలో, పారాసెటమాల్ వేసి కాసేపు చూడాలో తెలీక చేతులు ఆడలేదనీ రాశావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు థర్మామీటర్ సంగతి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ నోటితో గాలి పీలుస్తూ వదులుతూ ఉంటుంది. మధ్యలో గుక్కెడు చల్లటి నీళ్లు తాగుతుంది. అప్పుడు నోట్లో పెడితే జ్వరం ఉన్నదానికంటే తక్కువే కనిపిస్తుంది. నీళ్లు తాగి ఉంటే ఒక పావుగంట ఆగు. రెండు నొప్పుల మధ్య సందు చూసుకుని పెట్టు, పెదాలు మూసుకోమను. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్ లెక్కలో 100.4, అక్కడికి చేరితే జ్వరమే. 39 గానీ ఆపైన గానీ ఉంటే ఇక రెండో మాట లేదు. 38కీ 39కీ మధ్య ఉంటే టైమ్ రాసి, అరగంటకి మళ్లీ చూడు. ఆ అరగంట జ్వరం నిలబడిందో లేదో తేల్చుకోవడానికే. డాక్టరుగారి చెవిన మాత్రం మొదటిసారికే వెయ్యి. విసుక్కుంటారేమోనని ఆగకు.

ఫోన్ చేసే ముందు కొన్ని చూసి పెట్టుకుంటే నీ మాటకి బలం వస్తుంది. ఉమ్మనీరు ఎన్ని గంటలకి పోయింది? 18 గంటలు దాటిందా? నీరు తేటగా ఉందా, చీములా ఉందా, వాసన వస్తోందా? నొప్పి లేని సమయంలో పొట్ట మీద చెయ్యి వేస్తే ఆవిడ ఉలిక్కిపడుతోందా? తల్లి పల్స్ ఎంత? బిడ్డ గుండె నిమిషానికి 160 దాటి అక్కడే ఉంటోందా? ఇప్పటికి ఎన్ని పీవీలు, అంటే లోపల వేళ్లు పెట్టి చూసే పరీక్షలు, అయ్యాయి? ఇవన్నీ ఉమ్మనీటి సంచికి ఇన్ఫెక్షన్ పట్టిందా లేదా అని తేల్చడానికి పనికొచ్చేవే. మూత్రానికి మంటగా ఉందా, నడుం పైభాగంలో పోటుందా, గొంతు నొప్పా, దగ్గా అని కూడా అడుగు. నొప్పుల్లో ఉన్నంత మాత్రాన వేరే జ్వరాలు రాకుండా ఉండవు కదా.

ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర సన్నటి గొట్టంతో ఇచ్చే మందు, పెట్టినావిడ అని రాశావు. ఎపిడ్యూరల్ ఉన్నవాళ్లలో కొందరికి కొన్ని గంటలు గడిచాక ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోయినా జ్వరం వస్తుంది. నిజమే. కానీ మంచం పక్కన నిలబడి ఇది ఆ జ్వరమా, ఇన్ఫెక్షనా అని కచ్చితంగా చెప్పడం పెద్ద డాక్టర్లకే కష్టం. 'ఎపిడ్యూరల్ జ్వరమేలే' అని నువ్వు తీర్పు చెప్పెయ్యకు. ఇన్ఫెక్షన్ అని అనుమానం వస్తే యాంటీబయాటిక్స్ రాస్తారు. ఎక్కువగా యాంపిసిలిన్, జెంటామైసిన్ కలిపి ఇస్తారు. పెన్సిలిన్ పడదేమో ముందే అడిగి ఉంచుకో. మందు రాశాక ఆలస్యం నీ చేతుల్లో జరగకూడదు. జ్వరం వచ్చిందనగానే ఇంట్లోవాళ్లు 'ఆపరేషన్ చేసెయ్యండి' అని తొందరపడతారు. జ్వరం ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. నొప్పులు బాగా సాగుతూ బిడ్డ గుండె బాగుంటే మామూలు కాన్పే తల్లికి మేలు. ఆ మాట వాళ్లకి నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు నీకు అసలు చెప్పాలనుకున్నది. ఉద్యోగంలో నా మూడో ఏడు. మొదటి కాన్పు, ఉమ్మనీరు పోయి ఇరవై గంటలైంది. సాయంత్రం 38.4 ఉంటే పారాసెటమాల్ ఇచ్చారు, 37.6కి దిగింది. నేను రాత్రి డ్యూటీకి వచ్చేసరికి షీట్ మీద 37.6 కనిపించింది. వెనక పేజీ నేను తిప్పలేదు. తెల్లవారుజామున కాన్పు అయింది, బిడ్డ ఏడ్చాడు, మాయ ముక్క మిగలకుండా వచ్చింది. హమ్మయ్య అనుకుని బిడ్డని తుడవడంలో పడ్డాను. కాసేపటికి ఆవిడ "సిస్టర్, కళ్లు తిరుగుతున్నాయి" అంది, చాలా చిన్న గొంతుతో. పొట్ట మీద చెయ్యి వేశాను. బొడ్డు దగ్గర గట్టి బంతిలా తగలాల్సిన గర్భసంచి నానిన దూది మూటలా మెత్తగా ఉంది. దుప్పటి ఎత్తితే కింద పరుపంతా తడి. నాలుగు సీసాల రక్తం ఎక్కిస్తే బతికింది. ఆ చిన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

గర్భసంచి ఒక కండ. మాయ విడిపోయాక ఆ కండ బిగుసుకుంటేనే తెగిన రక్తనాళాలు మూసుకుంటాయి. ఇన్ఫెక్షన్‌తో, గంటల తరబడి నొప్పులతో అలిసిపోయిన కండ సరిగ్గా బిగుసుకోదు. పారాసెటమాల్ అంకెని దించింది గానీ ఆ కండకి బలం ఇవ్వలేదు. అందుకని జ్వరం వచ్చిన ప్రతి తల్లినీ, తర్వాత తగ్గినా సరే, రక్తస్రావం అయ్యే మనిషిగానే చూడు. కేస్ షీట్ ముందు పేజీ మీద ఎర్ర ఇంకుతో రాయి. డ్యూటీ మారేటప్పుడు నోటితో కూడా చెప్పు. కాన్పుకి ముందే చేతి నరంలోకి లావు క్యాన్యులా (సెలైన్, రక్తం ఎక్కించే గొట్టం) పెట్టించు, బ్లడ్ గ్రూప్ పంపించు, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందు అందుబాటులో ఉంచు. పిల్లల డాక్టరుకి కూడా ముందే కబురు పెట్టు, బిడ్డకి ఇన్ఫెక్షన్ వచ్చిందేమో వాళ్లు చూసుకోవాలి.

కాన్పు అయ్యాక రక్తాన్ని కంటితో అంచనా వేయకు. కంటి అంచనా చాలాసార్లు తక్కువే చెప్తుంది. గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ ఉంటే నడుం కింద పరిచి కొలువు. అది లేకపోతే తడిసిన ప్యాడ్లు, గుడ్డలు తూకం వెయ్యి. 500 మిల్లీలీటర్లు దాటితే ఎవరికైనా ఎక్కువే. 300 దాటేసరికే పల్స్ పెరిగినా, బీపీ తగ్గినా 500 దాకా ఆగకు, అరిచి మనుషుల్ని పిలువు. గర్భసంచిని మర్దన చెయ్యడం, ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడైనా చీరుకుందేమో చూడటం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకేసారి జరగాలి. ట్రానెక్సామిక్ యాసిడ్ కాన్పయిన మూడు గంటల్లోపు పడితేనే ఉపయోగం. మూత్రం సంచి నిండి ఉంటే గర్భసంచి బిగుసుకోదు, అదీ ఖాళీ చేయించు.

గర్భసంచి గట్టిగానే ఉండి రక్తం ఆగకపోతే చీలిక కోసం వెతకాలి. కుట్లు వేసేటప్పుడు మలద్వారం కండరం దాకా చీలిందేమో వేలు పెట్టి చూశారా లేదా అని గమనించు. మొహమాటపడి అడగకపోతే ఆవిడ ఏళ్ల తరబడి బాధపడుతుంది. కుట్ల దగ్గర నొప్పి తట్టుకోలేనంతగా పెరుగుతూ, మలద్వారం మీద ఏదో ఒత్తుతున్నట్టుందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మాత్ర ఇచ్చి పడుకోమనకుండా డాక్టరుకి చూపించు.

బాలింతకి కాన్పవగానే వణుకు రావడం మామూలే. గర్భసంచి బిగుసుకోడానికి మిసోప్రోస్టాల్ మందు ఇస్తే చలీ, జ్వరమూ రెండూ రావచ్చు. టెన్షన్ పడకు, అలాగని వదిలెయ్యకు, మళ్లీ మళ్లీ చూడు. ఆరు గంటలైనా మూత్రం రాకపోతే చెప్పు. ఇంటికి వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు చెప్పి పంపు: జ్వరం, దుర్వాసనతో మైల (కాన్పు తర్వాత పోయే స్రావం), తగ్గని పొత్తికడుపు నొప్పి, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం. వీటిలో ఏది వచ్చినా ఆగకుండా రావాలి. వార్డులో ఉన్నవాళ్ల శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టు. చాలామంది ఊరికే 20 అని రాసేస్తారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకేటప్పుడు శ్వాస, పల్స్ ముందు పెరుగుతాయి. వయసులో ఉన్న ఆడవాళ్ల బీపీ చివరిదాకా బాగానే ఉన్నట్టు కనిపించి, ఒక్కసారిగా పడిపోతుంది.

చేతుల గురించి నీకు చెప్పాలా అనుకున్నా, చెప్తాను. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, పీవీ చేసేముందు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. అంతే, బాలింతల చావులు బాగా తగ్గిపోయాయి. నువ్వు కడుక్కో, నీ పక్కవాళ్లు మర్చిపోతే గుర్తు చెయ్యి. నొప్పులు సవ్యంగా సాగుతుంటే పీవీకి నాలుగు గంటలకోసారి చాలు. నేర్చుకోవడం కోసం ఒకరి వెనక ఒకరు చెయ్యి పెట్టడం నాకు అస్సలు గిట్టదు.

ఇంకొకటి. జ్వరం వచ్చిందని చెప్పగానే ఆవిడ 'నేనేం తప్పు చేశాను' అన్నట్టు చూస్తుంది. ఆవిడ తప్పేం లేదని చెప్పు. ఏం మందు ఇస్తున్నావో, ఎందుకో చెప్పు. నుదుటి మీద తడిగుడ్డ వెయ్యి.

నువ్వు రాసినావిడకి కాన్పు ఎప్పుడయిందో, ఎంత రక్తం పోయిందో, ఇవాళ పొద్దున జ్వరం, పల్స్ ఎంత ఉన్నాయో షీట్ చూసి నాకు రాయి. డ్యూటీ దిగగానే రాయి, నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ