కొర్రన్నం అనవచ్చా?

సందేహం: ప్రాచీన చైనా గురించి పిల్లల కోసం ఒక పుస్తకం అనువదిస్తున్నాను. ఉత్తర చైనాలో సామాన్యులు రోజూ "కొర్రన్నం, వరిగన్నం తినేవారు" అని రాశాను. చదివిన మిత్రుడొకరు "అన్నమంటే వరి అన్నమే, కొర్రలతో అన్నమేమిటి? చిరుధాన్యాల ఆహారం అని మార్చండి" అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీరు రాసిందే సరైనది. దయచేసి మార్చకండి.

అన్నం పంట పేరు కాదు. తినడమనే అర్థమున్న 'అద్' ధాతువు నుంచి వచ్చిన సంస్కృత పదం. తెలుగులో దాని అర్థం కొంత కుదించుకుని, ఉడికించిన గింజకు పేరయింది. ఆ గింజ వరే కావాలన్న నియమం లేదు. పల్నాటి మీద శ్రీనాథుడు చెప్పాడని పేరున్న చాటువులో 'జొన్నన్నము' ఉంది, ఆ వెంటనే 'సన్నన్నము సున్న సుమీ' అనీ ఉంది. జొన్నలు వండితే జొన్నన్నం, సన్నబియ్యం వండితే సన్నన్నం. ఏ అన్నమో విడిగా చెప్పవలసి వచ్చిందంటే, ఉత్త 'అన్నం' వరి ఒక్కదాని సొత్తు కాదనే కదా! జొన్న, అన్నం కలిసి జొన్నన్నం అయినట్టే కొర్ర, అన్నం కలిసి కొర్రన్నం. అకార సంధి, అంతే.

చైనా భాషలోని 'ఫాన్' అచ్చంగా ఇలాంటి మాటే. ఏ గింజ వండినా ఫానే. "అన్నం తిన్నావా?" అని మనం పలకరించుకున్నట్టు వారూ "ఫాన్ తిన్నావా?" అని పలకరించుకుంటారు. 'మి' అంటే పొట్టు తీసిన గింజ. మనం కొర్రబియ్యం, సామబియ్యం అనడం లేదూ? కొర్రబియ్యాన్ని వారు 'షావోమి' అంటారు, చిన్న బియ్యమని. మన చేతుల్లోని ఫోన్ల మీద కనిపించే పేరు అదే. ఫాన్‌కు అన్నం కన్నా దగ్గరి మాట నాకు తోచడం లేదు.

ఇక 'చిరుధాన్యాలు' అనే మాటతో నాకు పేచీ ఉంది. ఆ సంచిలో రాగులు, జొన్నలు కూడా పడతాయి. అవి ఆఫ్రికాలో పుట్టిన పంటలు, ఆనాటి ఉత్తర చైనా కుండల్లో ఉడికినవి కావు. కొర్రలు, వరిగలు మాత్రం అక్కడే సాగులోకి వచ్చినవి. సంస్కృతంలో వరిగలకు 'చీనకం' అనే పేరు కూడా ఉంది. చింఘాయ్ ప్రాంతంలోని లాజియాలో, మట్టి కింద బోర్లాపడి ఉన్న ఒక గిన్నెను తీసి చూస్తే సన్నగా, పొడవుగా, పసుపు పచ్చని నూడుల్స్ కనిపించాయి. సుమారు 4,000 ఏళ్ల నాటివి. వాటిలో కొర్రలు, వరిగల ఆనవాళ్లు ఉన్నాయని 2005లో పరిశోధకులు ప్రకటించారు. ఇంత కచ్చితంగా తెలిసిన గింజలకు మన పల్లెల్లో పేర్లు ఉండగా, పిల్లలకు ఆ పేర్లే చెప్పాలి.

మీరు అడగకపోయినా మరో రెండు మాటలు. గింజలను నీళ్లలో మెత్తగా కాచిన 'జౌ' కూడా వారి నిత్యాహారమే. ఇంగ్లీషువారు దాన్ని 'కాంజీ' అంటారు. అది తమిళుల 'కంజి' నుంచి వెళ్లిన మాట, మన గంజికి తోబుట్టువు. అలాగని మీరు గంజి అని రాస్తే పిల్లలకు అన్నం వార్చిన నీళ్లే గుర్తొస్తాయి. 'జావ' అనండి. ఫాన్‌తో పాటు తినే 'గెంగ్' కలిగినవారి ఇంట మాంసంతో, పేదల ఇంట ఆకులతో కాగేది. దాన్ని పులుసు అంటే చింతపండు రుచి వచ్చి చేరుతుంది. చిక్కని చారు అంటే సరిపోతుంది.

చివరగా ఒక జాగ్రత్త. 'వరిగన్నం' చూసి, అచ్చుతప్పు అనుకుని 'వరి అన్నం' అని దిద్దే ప్రమాదం ఉంది. వరిగలు ఉత్తరాదివి. వరి దక్షిణాన యాంగ్‌ట్సీ నది పరిసరాలది, అక్కడి హెముదులో దాదాపు 7,000 ఏళ్ల నాటి వరి దొరికింది. ఆ మాట కింద గీత గీసి, 'ఇది వరిగే, మార్చవద్దు' అని అంచున రాసి మరీ అచ్చుకు పంపండి.