చేవ చూసి కొనవే, బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన లెక్క విన్నప్పటినుంచి మనసు మనసులో లేదు. అద్దె ఫ్లాటులోకి సోఫా, డైనింగ్ టేబుల్, రెండు మంచాలు, వార్డ్‌రోబ్, అన్నీ ఒకేసారి, అదీ ఈఎంఐ మీద! మీ అమ్మేమో "పోనీలే అక్కా, ఇద్దరూ సంపాదించుకుంటున్నారు కదా" అంటుంది. సంపాదించుకోండి, నేనెందుకు కాదంటాను? కానీ రెండు వానాకాలాలకి ఉబ్బిపోయే చెక్కకి మూడేళ్లు వాయిదాలు కట్టడం నాకు మింగుడుపడలేదు.

మీ పెదనాన్నది బదిలీల ఉద్యోగం కదా, తొమ్మిది ఇళ్లు మారాం. మా ఇంట్లో కొత్తగా చేయించిన చెక్క సామాను ఒకే ఒకటి, మీ అన్నయ్య పుట్టినప్పటి ఉయ్యాల. మిగతావన్నీ ఎవరో వాడి వదిలేసినవే. చిన్నప్పుడు సెలవులకి వచ్చి నువ్వు గంతులేసి ఒక కోడు విరగ్గొట్టిన దివాన్ కూడా సెకండ్ హ్యాండే. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను. మిగతా వాటిలో ఎలాగూ వినవు.

మొదట ఒక నెలపాటు ఏమీ కొనకు. ఒక మంచి కొత్త పరుపు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు చాలు. ఖాళీ ఇంట్లో ఉంటేనే ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో, అల్లుడు లాప్‌టాప్ పట్టుకుని ఏ మూల చేరతాడో తెలుస్తుంది. మీరిద్దరూ టీవీ ముందు కంచం పట్టుకుని కూర్చునే రకమైతే ఆరుగురి డైనింగ్ టేబుల్ ఎందుకు? ఉతికిన బట్టలు కుప్ప పోయడానికా?

ఆ నెలలో టేపు పెట్టి కొలతలు రాసుకో. గది కొలత అందరూ తీస్తారు. గుమ్మం వెడల్పు, లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు కొలిచేవాళ్లు తక్కువ. మేము ఒకసారి పాత టేకు బల్ల కొని, మూడో అంతస్తు మలుపులో ఇరికించేశాం. పైకీ పోదు, కిందికీ రాదు. హమాలీలు చేతులు కట్టుకుని నిలబడి రేటు డబుల్ చేశారు. చివరికి తాళ్లు కట్టి బాల్కనీలోంచి లాగాం. పక్కింటావిడ రెండేళ్లు చెప్పుకుంది ఆ కథ. కాళ్లు ఊడదీయడానికి వీలున్న బల్ల కొనుంటే ఆ తంటా ఉండేది కాదు. స్క్రూలున్నాయా, మేకులతో బిగించారా, జిగురు పెట్టారా అన్నది కొనేటప్పుడే చూసుకో.

ఎక్కడ కొనాలంటావా? మీది మియాపూర్ కాబట్టి మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ఆదివారం అక్కడ సంత. పనిముట్ల దగ్గర్నుంచి కుర్చీల దాకా ఏదైనా దొరకొచ్చు, ఏదీ దొరక్కపోవచ్చు కూడా. పొద్దున్నే వెళితే మంచి సరుకు, సాయంత్రం వెళితే మంచి బేరం. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ పేరుకి తగ్గట్టు గురువారం జోరుగా ఉంటుంది. కోఠీ దగ్గర జాంబాగ్‌లో చెక్క సామాను దుకాణాలున్నాయి, ఊరికే ధరలు అడిగి రావడానికైనా వెళ్లు. ధర తెలియకుండా సంతకి వెళ్తే నీ ముఖం చూసే ఎక్కువ చెప్తాడు.

వీటన్నిటికంటే మేలైనది మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. విదేశం వెళ్లేవాళ్లు, ఉద్యోగం మారి బెంగళూరు పోయేవాళ్లు నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. 28వ తేదీన వాళ్లకి నీ డబ్బు కంటే నీ ట్రాలీ ఆటో ముఖ్యం. మే, జూన్ నెలల్లో పిల్లల బడులు మారతాయి కాబట్టి ఇంకా ఎక్కువ దొరుకుతాయి. ఇంకో మాట. దుకాణంలో సామాను నచ్చి అడ్వాన్స్ ఇస్తే, అడుగున సుద్దతో నీ గుర్తు పెట్టి ఫోటో తీసుకో. నాకు చూపించింది ఒక మేజా, ఇంటికి పంపింది ఇంకొకటి. గొడవ పడితే "అదే ఇది మేడమ్" అన్నాడు. రుజువేదీ?

ఇప్పుడు అసలు సంగతి. పాత సామాను ముందు పైన మెరుపు చూసి మోసపోకు, బోర్లించి చూడు. అడుగున ఎవరూ పాలిష్ వెయ్యరు కాబట్టి చెక్క నిజరూపం అక్కడే కనిపిస్తుంది. మానులో మధ్యనుండే ముదురు రంగు గట్టి భాగమే చేవ. బెరడు పక్కనుండే తెల్ల చెక్కలో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకి అదే తిండి. టేకు చేవని చెదలు కూడా అంత తొందరగా ముట్టుకోవు. అందుకే ఇది బల్లార్షా నుంచి వచ్చిన మేలిరకం టేకు అని దుకాణంవాడు నాలుగుసార్లు చెప్పినంత మాత్రాన సరిపోదు, అందులో చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత అన్నది నువ్వు చూసుకోవాలి. తర్వాత అతుకులు చూడు. చెక్క చివర నాలుకలా కుసి చెక్కి రంధ్రంలో దిగ్గొట్టిన కుర్చీ వదులైనా మళ్లీ జిగురు పెట్టి బిగించుకోవచ్చు. కుర్చీ వీపు పట్టుకుని పక్కకి ఊపు. కొంచెం కదిలితే బేరానికి పనికొస్తుంది. కిర్రుమని మొత్తం వాలిపోతే వదిలెయ్యి.

పుచ్చు సంగతి నా అనుభవం మీద చెప్తున్నాను. ఒకసారి నీలం రంగు కొత్తగా వేసిన పుస్తకాల బీరువా చవగ్గా వచ్చిందని తెచ్చుకున్నాను. పది రోజులయ్యేసరికి రోజూ పొద్దున దాని కింద శనగపిండి లాంటి పొడి చిన్న కుప్పగా పడుండేది. చీమలనుకుని చీపురుతో ఊడ్చేసేదాన్ని. ఒకరోజు దాన్ని కాస్త పక్కకి జరుపుదామని కాలు దగ్గర బొటనవేలు ఆనించానా, వేలు లోపలికి దిగిపోయింది! పైన రంగు పొర తప్ప లోపల చెక్కే లేదు. అంతా పొడే. రంగు వేసింది ఆ కన్నాలు కప్పడానికేనని అప్పుడు తెలిసింది. అందుకే వెళ్లేటప్పుడు సంచిలో ఒక పాత న్యూస్‌పేపర్ పెట్టుకో. సామాను కింద పరిచి పిడికిలితో నాలుగు చోట్ల గట్టిగా కొట్టు. గుండుసూది తలంత కన్నాలుంటే ఉండనీ, అవి పాతవి కావచ్చు. పేపరు మీద సన్నటి పొడి రాలితే మాత్రం పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. మారుమాట్లాడకుండా వచ్చెయ్.

పాత పరుపు, పాత దిండ్లు ఎవరు ఊరికే ఇచ్చినా ఇంట్లోకి తేవద్దు. గుడ్డ కుట్టేసిన సోఫా కూడా అంతే. నల్లులు ఒకసారి వస్తే వదిలించుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు. మంచం పట్టెల సందుల్లో, స్క్రూ తలల చుట్టూ ఫోన్ టార్చి వేసి చూడు. పెన్ను చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలుంటే అవి వాటి గుర్తులే. సోఫా కావాలంటే చెక్క ఫ్రేముండి, మెత్తలు విడిగా వచ్చేది చూడు. పాత మెత్తలు పారేసి కొత్త ఫోము, కొత్త గుడ్డ వేయించుకుంటే సరి.

పొట్టు చెక్క వార్డ్‌రోబ్‌లూ వద్దు. రంపపు పొట్టుకి జిగురు కలిపి అదిమి చేసిన బోర్డు అది, పైన మైకా అంటించి అందంగానే ఉంటుంది. కానీ నీళ్లు తగిలిన అంచు పూరీలా పొంగుతుంది. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ పట్టదు. ఇల్లు మారేవాళ్లకి అది శత్రువు. దాని బదులు పాత ఇనప బీరువా కొనుక్కో. అడుగున తుప్పు, తాళం, తలుపు కీళ్లు చూసుకుంటే చాలు. రంగు పోయినా గరుకు కాగితంతో రుద్ది, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, పైన ఎనామిల్ వేస్తే మళ్లీ పెళ్లికూతురే.

ఎవరో చనిపోయిన మంచమేమో అని మీ అత్తగారు అనుమానపడొచ్చు. మా అత్తగారూ అన్నారు. నేను వాదించలేదు. సబ్బునీళ్లతో తుడిచి, రెండు రోజులు ఎండలో పెట్టి, ఆవిడ చేతే పసుపునీళ్లు చల్లించాను. ఆ తర్వాత పదేళ్లు ఆవిడే దాని మీద పడుకున్నారు.

ఇక తెచ్చినవాటిని బాగు చెయ్యడం. నువ్వు రీల్స్‌లో చూసి ప్రతిదానికీ తెల్లరంగు కొట్టేద్దామని ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఆగు. నేనూ ఒకప్పుడు మంచి టేకు మేజాకి ఆకుపచ్చ ఎనామిల్ పూశాను. తర్వాత సిగ్గేసి గీకడానికి కూర్చుంటే నాలుగు రోజులు పట్టింది, ఇప్పటికీ దాని గాడుల్లో ఆకుపచ్చ కనిపిస్తుంది. మామూలు చెక్కకి రంగు వెయ్యి, తప్పు లేదు. పాత పాలిష్ గరుకు చేసి, ప్రైమర్ కొట్టి, గుంటలకి లప్పం పెట్టి, ఆరాక రుద్ది, పల్చగా రెండు పూతలు. చేవ ఉన్నదానికి మాత్రం పాలిష్ చాలు.

ముందు సబ్బునీళ్లు పిండేసిన గుడ్డతో తుడువు. సగం అందం ఆ మురికి వదిలితేనే వచ్చేస్తుంది. తర్వాత కనపడని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దు. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. స్పిరిట్‌తోనే తీసెయ్యొచ్చు, మళ్లీ లక్కే వేసుకోవచ్చు. కరగకపోతే గరుకు కాగితమే గతి. మొదట 80 నంబరు, తర్వాత 120, చివర 220. ఎప్పుడూ చెక్క చారల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక ఎక్కువగా కనపడతాయి. టేకు రుద్దుతుంటే తోలు వాసనలాంటిది వస్తుంది, నాకది ఇష్టం. కొత్తగా రుద్దిన చెక్క పసుపుగా కనిపించిందని కంగారుపడకు, వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుంది. పాత నూలు గుడ్డలో దూది చుట్టి ఉండలా చేసి, లక్కలో ముంచి, పల్చగా పూతమీద పూత వెయ్యి. ముసురు పట్టిన రోజున మాత్రం డబ్బా మూత తియ్యకు. గాలిలో చెమ్మకి పాలిష్ మీద పాలపొరలా తెల్లగా వస్తుంది.

రెండు జాగ్రత్తలు. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరెయ్యి. రెండోది, పాత రంగున్న సామానుని పొడిగా రుద్దకు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో ఎంతుందో ఎవరు చూశారు? తడిపి రుద్దు, మాస్కు పెట్టుకో, ఆ పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డతో ఎత్తు. చిన్నపిల్లలున్న పక్కింటి గుమ్మం ముందు చెయ్యకు. నువ్వు కడుపుతో ఉంటే ఈ పనే వద్దు. అలాంటి వార్త ఏదైనా ఉంటే ముందు నాకు చెప్పు.

కేన్ కుర్చీ సీటు కుంగిందని ఎవరైనా పారేస్తుంటే వదలకు. అల్లిక తెగకుండా కుంగిందే అయితే మందు చాలా సులువు. కుర్చీ బోర్లించి, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ అడుగువైపు బాగా అద్ది, చెక్కకి తగలకుండా అరగంట అలాగే ఉంచి తీసెయ్యి. తర్వాత నీడలో ఆరనియ్యి, అప్పుడే ఎవర్నీ కూర్చోనివ్వకు. మేము సాయంత్రం తడిపి పడుకుంటే పొద్దున్నకి డోలు చర్మంలా బిగుసుకుంది. మీ పెదనాన్న నమ్మక వేళ్లతో టకటకలాడించి చూశారు. కేన్ నీళ్లకి సాగి, ఆరితే ముడుచుకుంటుంది, అంతే.

డైనింగ్ టేబుల్ మీకు కావాల్సిందే అంటే పాత తలుపు చూడు. పాత ఇళ్లు కూల్చేచోట టేకు తలుపులు పాత కలప అడితులకి వస్తాయి. ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుంటే ఆరుగురు కూర్చోవచ్చు. కింద కాళ్లు వడ్రంగి చేత చేయించు, పైన గాజు వేయించు. నేల నుంచి పై అంచు 30 అంగుళాలు, కుర్చీ సీటు 18. ఈ రెండూ తప్పితే తినేటప్పుడు చేతులు నొప్పెడతాయి. గడియ, ఇత్తడి బుడిపెలు పీకెయ్యకు, గాజు కింద అవే అందం. పాత కుట్టుమిషను పోత ఇనప స్టాండు మీద చెక్క వేస్తే అల్లుడి లాప్‌టాప్‌కి సరిపోతుంది. కాలు కింద తొక్కుడు పలక ఊగుతుంటే మీటింగుల్లో టెన్షన్ కూడా తగ్గుతుంది.

వడ్రంగి అన్నాను కదా, మనమే అన్నీ చేసెయ్యాలని పట్టుబట్టకు. రుద్దడం, పాలిష్, రంగు మన పని. కుసి విరిగితే, కాలు పొట్టి చెయ్యాలంటే మంచి వడ్రంగిని పిలిచి టీ ఇచ్చి పక్కన కూర్చుని చూడు.

మంచం మాత్రం కొనకు. మీ అమ్మమ్మ నవారు మంచం పట్టెలు, కోళ్లు మా అటక మీదున్నాయి. ఇరవై ఏళ్లుగా అలాగే ఉన్నాయి, చేవ కాబట్టి పురుగు ముట్టలేదు. ఒక కోడుకి మాత్రం నిలువుగా చీలిక ఉంది, జిగురు పెట్టి, చెక్కని గట్టిగా నొక్కిపట్టే శికంజా బిగిస్తే నిలుస్తుందనుకుంటున్నాను. కొత్త నవారు ఎంత పడుతుందో కొలవాలి. ఎప్పుడొస్తావో చెప్పు, అటకెక్కేది అల్లుడు కాబట్టి అతన్నీ తీసుకురా.

మీ
పెద్దమ్మ