అతి భక్తి జబ్బా? మా అవ్వనూ, మా అన్ననూ చూసిన అనుభవంతో ఒక జవాబు

మీ తమ్ముడు ఆరు నెలలుగా పూజగది వదలడం లేదనీ, ఉద్యోగం కూడా మానేశాడనీ, దీనిని భక్తి అనాలో మానసిక రోగమనాలో తెలియడం లేదనీ రాశారు. నేను వైద్యుడిని కాను. తిరుపతిలో పుట్టి, ఇక్కడే బడిలో లెక్కలు చెప్పి రిటైరైన వాడిని. అయితే ఈ ప్రశ్న మా ఇంట్లో రెండుసార్లు వచ్చింది. ఒకసారి అది జబ్బు కాదు, ఇంకొకసారి జబ్బే.

ముందు మా అవ్వ సంగతి. పెరటాసి నెల వచ్చిందంటే ప్రతి శనివారమూ ఒక్కపొద్దు ఉండి, ఇంట్లో బియ్యానికి కొదవ లేకపోయినా నామాలు పెట్టిన చెంబు పట్టుకొని నాలుగు వీధులు తిరిగి, గోవిందా అంటూ ఎత్తిన బియ్యంతోనే స్వామికి తళిగ (నైవేద్యం) వేసేది. అరవై దాటిన వయసులో అలిపిరి నుంచి 3,550 మెట్లకూ ఒక్కొక్కదానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కి, వారం రోజులు కాళ్లు వాచి మూలిగింది. మన సంగతులు తెలియని వారు చూస్తే ఈమెకు మతి చలించిందనే అంటారు. కానీ కొండ దిగి వచ్చిన సాయంత్రమే, రెండు రోజుల నాగా లెక్కలో తీసివేయలేదని పాలవాడితో పైసలతో సహా తగువు పెట్టుకున్నది. ఆ తగువును నేను ఇప్పుడు చాలా విలువైన ఆనవాలుగా చూస్తాను.

మా అన్నకు శనివారం గుడికి పోవడం తప్ప పెద్ద భక్తి ఉండేది కాదు. ముప్పై నాలుగో ఏట, ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి బాగా నడుస్తున్న రోజుల్లో, సుప్రభాతం వేళకు స్నానం ముగించాలని రాత్రి రెండు గంటలకే లేవడం మొదలుపెట్టాడు. పది రోజులు గడిచేసరికి నిద్ర రెండు గంటలకు దిగిపోయింది, అయినా మనిషిలో అలసట అన్నదే లేదు. మాట్లాడితే ఒక మాట మీద ఇంకొక మాట ఎక్కేది. మా అమ్మ మాత్రం ఇంత భక్తుడు తన కడుపున పుట్టాడని పొంగిపోయింది. సరుకు కోసం బీరువాలో దాచిన ఎనభై వేలు తీసుకుపోయి హుండీలో వేసి వచ్చిన రోజున కూడా ఆమె తొందరగా భయపడలేదు.

నాకు భయం వేసింది బిల్లు పుస్తకం చూసినప్పుడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా గోవింద నామాలతో నింపాడు. కార్బన్ కాగితం తీయకుండా రాయడంతో ప్రతి నామమూ రెండేసి సార్లు పడింది. ఆ రెండో ప్రతిని ఎవరికి ఇవ్వాలో స్వామి చెబుతాడనీ, కొండ బస్సుల నంబర్లలో తనకు రోజూ ఆజ్ఞలు వస్తున్నాయనీ అన్నాడు. అవి గంగమ్మ జాతర రోజులు కావడంతో అమ్మవారు పూనిందేమోనని ఇంట్లో పెద్దలు తేల్చి, తాయెత్తులకూ నిమ్మకాయలకూ రెండున్నర నెలలు పోగొట్టారు. నేను కూడా వారికి అడ్డు చెప్పలేదు, ఆ తప్పులో నాకూ వాటా ఉన్నది. జాతరలో బండ వేషం వేసుకొని వీధిలో వాళ్లను బూతులు తిట్టే మనిషి మరునాడు ముఖం కడుక్కొని అంగడి తెరుస్తాడు. అన్న రెండున్నర నెలలైనా అంగడి తెరవలేదు. ఈ తేడా అప్పుడే మా కళ్ల ముందు ఉన్నది, చూడలేకపోయాము.

చివరకు చూపించిన మానసిక వైద్యుడు, రోజుకు ఎన్ని గంటలు పూజ చేస్తాడని అసలు అడగలేదు. ఎన్నింటికి నిద్రపోతున్నాడు, ఈ మార్పు ఏ నెలలో మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా, ఒక రోజు పూజ తప్పితే ఏమవుతుందని అనుకుంటున్నాడు అని మాత్రమే అడిగాడు. మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకీ, కొన్నాళ్లు దిగులులోకీ ఊగే బైపోలార్ జబ్బు అనీ, ఇది అందులో అతి ఉత్సాహపు దశ అయిన మేనియా అనీ చెప్పాడు. జబ్బుకు భక్తి కారణం కాదనీ, తిరుపతిలో పెరిగిన మనిషికి జబ్బు చేస్తే అది వెంకన్న పేరుతో మాట్లాడుతుందనీ, ఇంకో చోటైతే ముఖ్యమంత్రి ఫోన్ చేశాడని అనేవాడనీ వివరించాడు.

ఎంత భక్తి దాటితే జబ్బు అనే కొలత ఏదీ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, తన సమాజంలోని నైతిక, సాంఘిక విలువలతో గానీ మత విశ్వాసాలతో గానీ పొసగలేదన్న కారణంతో ఒక మనిషిని మానసిక రోగిగా నిర్ణయించరాదని మూడో సెక్షన్‌లో స్పష్టంగా చెబుతుంది. ఈ జాగ్రత్త అవసరమే. వెంకన్న భక్తురాలు, కవయిత్రి మన తరిగొండ వెంగమాంబ భర్త పోయిన తరువాత శ్రీనివాసుడే తన భర్త అని ముత్తైదువ గుర్తులు తీయనన్నప్పుడు, ఊరు ఆమెను పిచ్చిదనే అన్నదని కథ చెప్పేవారు చెబుతారు. ఈనాటికీ తిరుమలలో ఏకాంత సేవ వేళ ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తున్నారు.

మీ తమ్ముడి విషయంలో ఇంకొక దారి కూడా ఆలోచించండి, ఎందుకంటే పూజగది వదలకపోవడానికి మేనియా ఒక్కటే కారణం కాదు. మా వీధిలో ఒకావిడ పూజ సామాను తోమిందే తోమి, దీపం వెలిగించిందే వెలిగించి, మధ్యాహ్నం రెండైనా అన్నం ముట్టేది కాదు. అందరూ మడి అనుకున్నాము. దేవుడి పటం ముందు నిలబడగానే నోటితో అనలేని బూతు ఆలోచన మనసులోకి వచ్చేదనీ, అది వచ్చినప్పుడల్లా పూజ మొదటి నుంచి చేయవలసి వచ్చేదనీ చాలా ఏళ్ల తరువాత మా ఇంటావిడతో ఏడుస్తూ చెప్పింది. అది వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ అనే జబ్బులో ఒక రూపం. దానికి మందులూ ఉన్నాయి. ఆలోచన వచ్చినా పూజను మళ్లీ మొదలుపెట్టకుండా ఓర్చుకోవడం మెల్లగా అలవాటు చేయించే చికిత్సా ఉన్నది. ఆమెలో ఆనందం లేదు, భయం ఒక్కటే ఉన్నది. మీ తమ్ముడు పూజ నుంచి లేచినప్పుడు ఆయన ముఖంలో ఏది ఉన్నదో మీరే చూడాలి.

మందులు వాడితే భక్తి పోతుందేమోనని మా అమ్మ చాలా బెంగ పెట్టుకున్నది. అన్నకు లిథియం ఇచ్చారు. బస్సుల నంబర్లు మాట్లాడటం మానేశాయి, శనివారం గుడి మాత్రం మానలేదు. వైద్యుడు వద్దన్నది ఉప్పూ నీళ్లూ మానేసే ఉపవాసాలను మాత్రమే. ఒంట్లో నీరు తగ్గినా, ఉప్పు బాగా తగ్గినా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే అన్న ఇప్పటికీ ఏకాదశికి మజ్జిగ తాగే ఉపవాసం ఉంటాడు, చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకుంటాడు.

మీ తమ్ముడితో భక్తి ఎక్కువైందన్న మాట ఎత్తకండి, వెంటనే గొడవ అవుతుంది. మా అన్న ఆసుపత్రికి వచ్చింది నిద్ర కోసం చూపించుకుందామని అడిగినందుకే. ఒక వారం పాటు ఆయన పడుకున్న వేళ, లేచిన వేళ, తిన్నది, ఖర్చు పెట్టినది ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి, వైద్యుడికి అది చాలా పనికి వస్తుంది. ప్రాణం తీసుకోమనో, ఎవరినైనా బలి ఇమ్మనో దేవుడు చెబుతున్నాడని అన్నట్లయితే మాత్రం ఆ వారం కూడా ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎవరిని అడగాలో తోచకపోతే మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.