మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందా? గ్యాస్ అని సరిపెట్టుకోకండి

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం. బీపీ, షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. మూడు వారాల క్రితం ఆఫీసు ఫైర్ డ్రిల్‌లో మూడో బేస్‌మెంట్ నుంచి మెట్ల మీద పైకి రప్పించారు. సగంలోనే ఆయాసం వచ్చి ఛాతీ పట్టేసింది. గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గింది. మెట్లు ఎంత వేగంగా ఎక్కాలి?
- ఓ పాఠకుడు

జవాబు: వేగం సంగతి తర్వాత. ఎక్కుతుంటే ఛాతీ పట్టేసింది, కూర్చుంటే తగ్గింది. నాకు కంగారు దీని గురించే. మూడు వారాలు ఎందుకు ఆగారండీ? గుండె రక్తనాళం సన్నబడితే శ్రమలో ఇలాగే పట్టేస్తుంది, ఆగితే నిమిషాల్లో సర్దుకుంటుంది. తగ్గించింది మీరు కూర్చోవడమే అయ్యుండొచ్చు, పేరు మాత్రకొచ్చింది. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం ఒక్కటే రావచ్చు కూడా. చూడకుండా గుండె జబ్బని నేను తేల్చలేను, గ్యాసేనని మీరూ తేల్చుకోవద్దు.

ఇది చదివిన రోజే కార్డియాలజిస్టును కలవండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన సరిపోదు. ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ తీసే ఈసీజీ) అవసరమా అన్నది వారు చెబుతారు. మీ బీపీ మాత్ర అటెనొలాల్, మెటొప్రొలాల్ రకమైతే నాడి అంతగా పెరగదు, దాన్ని చూసి శ్రమను అంచనా వేయలేం. అలాగని సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఎవరో ఇచ్చారని గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకుని మెట్లెక్కడం అసలే వద్దు. బీపీ పడిపోయి అక్కడే కూలబడొచ్చు.

ఇక మెట్లు. బేస్‌మెంట్‌కు 4 మీటర్ల చొప్పున మూడింటికి 12 మీటర్లు, మెట్టు 16 సెంటీమీటర్లయితే 75 మెట్లు. ప్రతి మెట్టుకూ ఒంటి బరువంతా తొడలే ఎత్తాలి. మొదటి 20 మెట్లు పరుగెత్తినవారే 50 దగ్గర నిలబడిపోయి వెనకవాళ్లకు దారి మూసేస్తారు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే, మొదటి నుంచీ ఒకటే నడక. ఊపిరి తెగకుండా ఒక వాక్యం చెప్పగలిగితే ఆ వేగం సరే. ఆగాలంటే మలుపులో, గోడవైపు. నిజంగానే మంటలు లేస్తే పొగ కూడా మీరు వెళ్లే దిక్కుకే, పైకే వస్తుంది. రొప్పుతూ ఉంటే పొగలోని విషవాయువు మరింత లోపలికి పోతుంది. కాబట్టి పొగ నిండిన మెట్లు వదిలి రెండో మెట్లదారి పట్టండి.

పరీక్షలు అయ్యేదాకా డ్రిల్ మానేయండి. బండి నేలమట్టంలో పెట్టుకోండి, మీకు తోడు మనిషి కావాలని ఫైర్ వార్డెన్‌కు ముందే చెప్పండి. నొప్పి కూర్చున్నా 10 నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా వెంటనే 108కి ఫోన్ చేయండి, సొంతంగా బండి నడుపుకుంటూ బయల్దేరకండి.