సీఏ ఆఫీసులో బీకాం ఇంటర్న్‌షిప్: రెండు నెలల్లో ఏ పని ఇస్తారు, ఎక్కడ తప్పులు జరుగుతాయి?

మీరు అడిగింది ఇది: బీకాం రెండో ఏడాది పూర్తయింది, విజయవాడలో ఒక సీఏ ఆఫీసులో రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కొంచెం వచ్చు, అక్కడ ఏం చేయిస్తారు, ఏం చదువుకుని వెళ్లాలి? ఇంటర్న్‌లకు పని చూపించే అనుభవంతో జవాబు రాస్తున్నాను.

ముందు ఒకటి తెలుసుకోండి. ఇది ఆర్టికల్‌షిప్ కాదు. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసైనవాళ్లు ఐసీఏఐ (సీఏల జాతీయ సంస్థ)లో రిజిస్టరై రెండేళ్లు చేసేది అది. మీకు ఆడిట్ రిపోర్టులు, నోటీసులకు జవాబులు ఇవ్వరు. మీ టేబుల్ మీదికి వచ్చేవి ప్రధానంగా మూడు: బిల్లుల ఎంట్రీ, బ్యాంకు రీకన్సిలియేషన్ (పుస్తకాల్లోని బ్యాంకు ఖాతాను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం), పర్చేజ్ రిజిస్టరును జీఎస్‌టీఆర్-2బితో (సరఫరాదారులు మన పేరిట చూపిన బిల్లుల జాబితా, జీఎస్‌టీ పోర్టల్‌లో వస్తుంది) సరిపోల్చడం. ఎంట్రీలు కొట్టే వేగం ఎలాగూ వస్తుంది. తేడా కనిపించినప్పుడు అది ఎక్కడ పుట్టిందో కాగితం తీసి చూపించగలగడం మాత్రం కావాలని నేర్చుకుంటేనే వస్తుంది. మీ రెండు నెలలూ దానిమీద పెట్టమంటాను.

బిల్లులు క్లయింటు దగ్గర్నుంచి సంచుల్లో వస్తాయి. తీసింది తీసినట్టు టాలీలో ఎక్కించకండి. మొదట నెలలవారీగా, తర్వాత నగదు, బ్యాంకు, అప్పు అని, ఆ పైన పార్టీవారీగా విడదీయండి. పెట్రోలు బంకు, హోటలు బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలల్లో మాయమవుతాయి, వాటిని అప్పుడే స్కాన్ చేయండి. ప్రతి పర్చేజ్ బిల్లులో ఇవి చూడాలి: అది ట్యాక్స్ ఇన్‌వాయిసేనా, లేక కొటేషనో డెలివరీ చలానో ప్రొఫార్మానో, మన క్లయింటు జీఎస్‌టీ నంబరు సరిగ్గా ఉందా, తేదీ ఏ ఆర్థిక సంవత్సరానిది, పన్ను సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీగా (ఒకే రాష్ట్రంలో అమ్మితే) ఉందా, ఐజీఎస్‌టీగా (రాష్ట్రం దాటితే) ఉందా. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పదీ పాన్. కాబట్టి 36తో మొదలయ్యే సరఫరాదారు విజయవాడకు సరుకు పంపి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేసి ఉంటే అక్కడే ఆగి సీనియర్‌ను అడగండి.

హోటలు బిల్లుల దగ్గర దాదాపు ప్రతి ఇంటర్న్ పొరబడతారు. విజయవాడ కంపెనీ ఉద్యోగి హైదరాబాద్‌లో బస చేస్తే బిల్లులో తెలంగాణ ఎస్‌జీఎస్‌టీ పడుతుంది. కంపెనీకి తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను ఇన్‌పుట్‌గా (కొనుగోలులో కట్టి, మనం కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకునే పన్ను) పనికిరాదు, మొత్తం బిల్లు ఖర్చులోకే వెళ్తుంది. మరో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లు చాలావరకు 5, 18 శాతాలకు మారాయి. అంతకుముందు తేదీ బిల్లులో 12, 28 శాతాలు కనిపిస్తే తప్పనుకుని దిద్దకండి. ఎంట్రీ పూర్తి కాగానే టాలీ వోచర్ నంబరును పెన్సిల్‌తో బిల్లు మూలన రాయండి. ఆర్నెల్ల తర్వాత ఆ బిల్లు కోసం వెతికేవాళ్లు దీని విలువ గుర్తిస్తారు.

టాలీ ప్రైమ్‌లో ఎఫ్4 కాంట్రా (నగదు, బ్యాంకు మధ్య బదిలీ), ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఇవి వేళ్లకు అలవాటైతే చాలు. ఇంట్లో సాధన చేయడానికి ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. లెడ్జర్ కొత్తగా తెరిచే ముందు ఉందో లేదో వెతకండి. ఒకే పార్టీకి 'శ్రీ లక్ష్మి ట్రేడర్స్', 'శ్రీలక్ష్మీ ట్రేడర్స్' అని రెండు లెడ్జర్లు తెరిస్తే బాకీ ఒకదాంట్లో, చెల్లింపు మరోదాంట్లో పడి కూర్చుంటాయి.

బ్యాంకు రీకన్సిలియేషన్‌కు కూర్చోగానే ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడండి. టాలీలోది, స్టేట్‌మెంట్‌లోది, నిరుడు ముగింపు రీకన్సిలియేషన్‌లోది మూడూ పొసగకపోతే కింద ఎంత చేసినా వృథా. ఆ తర్వాత ప్రతి ఎంట్రీకి బ్యాంక్ డేట్ గడిలో స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీనే వేయాలి. వోచర్ తేదీనే దించేస్తే లెక్క పైకి సరిపోయినట్టుంటుంది గాని, మార్చి 31న ఇచ్చి ఏప్రిల్ 4న క్లియరైన చెక్కు కనిపించకుండా పోతుంది. ఇచ్చి మూడు నెలలు దాటినా బ్యాంకులో పడని చెక్కులను విడిగా రాయండి, వాటి గడువు తీరిపోయింది కాబట్టి క్లయింటును అడిగి తిప్పి రాయాలి.

తేడాలు ఎక్కువగా పుట్టే చోట్లు తెలిసినవే: బ్యాంకు చార్జీలు, వడ్డీ, చెక్కు బౌన్సు, రెండు బ్యాంకులున్న క్లయింటుకు వేరే బ్యాంకు లెడ్జర్‌లో పడ్డ ఎంట్రీ. దుకాణాల్లో అయితే స్వైప్ మెషిన్, క్యూఆర్ కోడ్. నిన్నటి అమ్మకాలన్నీ కలిపి ఇవాళ ఒకే మొత్తంగా జమవుతాయి, కార్డుల మీద కమిషన్, దానిమీద జీఎస్‌టీ కోతపడతాయి. బ్యాంకులో పడిన నికర మొత్తాన్నే సేల్స్‌గా రాస్తే అమ్మకం తగ్గి, జీఎస్‌టీ కూడా తగ్గుతుంది. సెటిల్‌మెంట్ రిపోర్టు తెప్పించుకుని పూర్తి అమ్మకం ఒకవైపు, కమిషన్ ఖర్చుగా ఒకవైపు రాయాలి.

కారణం దొరకని తేడా మిగిలితే రెండు పరీక్షలు చేయండి. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు: 46,500 బదులు 45,600 కొడితే తేడా 900. రెండోది, తేడాలో సగం మొత్తానికి ఎంట్రీ ఉందేమో వెతకండి. తేడా 7,200 అయితే 3,600 రిసీటు పేమెంటుగా పడి ఉండొచ్చు. సస్పెన్స్‌లోకి (కారణం తేలనివి పెట్టే తాత్కాలిక ఖాతా) తోసి ముగించేయకండి. తేదీ, మొత్తం, స్టేట్‌మెంట్‌లో ఉన్న వివరం, అడగాల్సిన ప్రశ్న అని నాలుగు గడుల షీటు పెట్టుకుని, క్లయింటును ఒకేసారి అన్నీ అడిగేలా సీనియర్‌కు ఇవ్వండి.

2బి పని నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. సరఫరాదారులు సాధారణంగా 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేస్తారు, 14న మనకు 2బి తయారవుతుంది, 20లోగా 3బి (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్న్) వేయాలి. 2బిలో కనిపించని బిల్లుకు ఇన్‌పుట్ తీసుకోలేం కాబట్టి ఆ ఆరు రోజులూ ఆఫీసు ఊపిరి తీసుకోదు. ఎక్సెల్‌లో రెండు జాబితాలూ పెట్టుకుని జీఎస్‌టీ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు కలిపి ఒక గడి తయారుచేసి వీలుకప్‌తో (ఒక జాబితాలోది మరోదాంట్లో వెతికే ఫార్ములా) వెతుకుతారు. ఫార్ములా సులువు, చిక్కంతా డేటాలో ఉంటుంది. ఒకవైపు '024/25-26' అనీ మరోవైపు '24' అనీ ఉంటుంది. '3-25' లాంటి నంబరును ఎక్సెల్ తేదీగా మార్చేస్తుంది, అందుకే డేటా అతికించే ముందే ఆ నిలువు గడులను టెక్స్ట్‌గా పెట్టాలి. కంటికి కనిపించని ఖాళీలను ట్రిమ్‌తో, గీతలను సబ్‌స్టిట్యూట్‌తో తీసేయండి. ఇంకో ఉచ్చు: ఒకే ఇన్‌వాయిసులో 5, 18 శాతం సరుకులుంటే అది రెండు వరుసలుగా రావచ్చు, అప్పుడు వీలుకప్ మొదటి వరుసనే పట్టుకుంటుంది. ముందు పివట్‌తో ఇన్‌వాయిసువారీ మొత్తాలు తీసి, ఆ తర్వాతే సరిపోల్చండి. రూపాయి లోపు తేడాలను రౌండింగ్ అని వదిలేయవచ్చు.

సరిపోలనివి మూడు కుప్పలవుతాయి. పుస్తకాల్లో ఉండి 2బిలో లేనివి: సరఫరాదారు ఆలస్యంగా వేసి ఉంటాడు, మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడై ఉంటాడు, లేదా మన నంబరు లేకుండా మామూలు వినియోగదారుకు అమ్మినట్టు చూపి ఉంటాడు. మొదటి రెండిటికీ తర్వాతి నెలల 2బి చూడాలి, మూడోదానికి ఫోను చేసి దిద్దించుకోవాలి. 2బిలో ఉండి పుస్తకాల్లో లేనివి: ఎక్కువగా బ్యాంకు చార్జీలు, ఫోను, కొరియరు బిల్లులు. ఎవరూ అడగరు గనుక క్లయింటు పంపడు, ఆ పన్ను ఏటా పోతూనే ఉంటుంది. ఇవి వెతికి ఇచ్చే ఇంటర్న్‌ను ఆఫీసు గుర్తుపెట్టుకుంటుంది. అయితే 2బిలో కనిపించిందల్లా తీసుకోకూడదు, సిబ్బంది భోజనాలు, సొంత కారు లాంటివి సాధారణంగా నిషిద్ధం. మొత్తాలు తేడా ఉన్నవి మూడో కుప్ప, బిల్లు తీసి చూస్తే తేలిపోతాయి.

టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) గురించి కొద్దిగా. 1,00,000 పనికి 18,000 జీఎస్‌టీ విడిగా చూపిన కాంట్రాక్టు బిల్లులో టీడీఎస్ లక్ష మీదే. కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం. కోసింది తర్వాతి నెల 7లోగా కట్టాలి, మార్చిది మాత్రం ఏప్రిల్ 30. ఆలస్యానికి నెలకు 1.5 శాతం వడ్డీ, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే. వడ్డీ కోసిన తేదీ నుంచే లెక్క కనుక, మే 25న కోసి జూన్ 8న కడితే ఒక్క రోజు ఆలస్యానికి రెండు నెలల వడ్డీ పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలుతో సెక్షన్ నంబర్లు మారాయి. పాత ఫైళ్లలో 194సి (కాంట్రాక్టులు), 194జె (వృత్తి, సాంకేతిక సేవల ఫీజు) అనే ఉంటాయి కనుక రెండూ తెలిసి ఉండాలి.

క్లయింట్ల పోర్టల్ పాస్‌వర్డులు, ఓటీపీలు మీ చేతిలోకి వస్తాయి. వాటిని సొంత ఫోన్‌లో ఫొటో తీయకండి, ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకోకండి. పోర్టల్‌లో రిటర్న్ వేసే 'ఫైల్' బటన్‌ను సీనియర్ పక్కన లేకుండా నొక్కకండి, ఒకసారి వేసిన 3బిని వెనక్కి తీసుకునే దారి లేదు.

కాలేజీ లాగ్‌బుక్‌ను ఏ రోజుది ఆ రోజే రాయండి. 'టాలీ ఎంట్రీలు చేశాను' అని కాకుండా 'మే నెల 2బి, పర్చేజ్ సరిపోల్చాను, ఐదు బిల్లులు తేడా, మూడిటికి కారణం ఇన్‌వాయిస్ నంబరు' అన్నట్టు రాస్తే వైవాలో అడిగేవాళ్లకూ చెప్పడానికి మీకూ సరుకు ఉంటుంది. ప్రాజెక్ట్ రిపోర్టులో జీఎస్‌టీ చరిత్ర నింపే బదులు పేర్లు, నంబర్లు మార్చి ఒక పూర్తి రీకన్సిలియేషన్ పెట్టండి, ముందు ఆఫీసు అనుమతి తీసుకోండి. సర్టిఫికెట్ లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని వివరంతో ఉండాలి. దానికోసం ఆఖరి వారం ఆగకండి. మీ ఆఖరి రోజులు 20వ తేదీ దగ్గర పడితే ఎవరికీ తీరిక దొరకదు, ఆ నెల 5లోపే నమూనా రాసి సీనియర్ చేతిలో పెట్టండి.